పట్టా లేని పనివాడు

తెల్లవారక మున్నే విజయవాడ వంటి పట్టణములలో నివాస భవనముల క్రింది యంతస్తునకు ఒక యువకుడు వచ్చును. చేత నొక బక్కెట్టు, భుజమున నొక సంచి. ఆ సంచిలో నాలుగు పానాలు, ఒక స్క్రూడ్రైవరు, టైరు గాలి కొలుచు మీటరు, కొన్ని పాత గుడ్డలు ఉండును. వరుసగా నిలిచియున్న కార్లలో ఒకదాని యద్దములు తుడుచును. మరియొకదాని టైర్లలో గాలి చూచును. వేరొకదాని బ్యాటరీ కొనలకు పట్టిన తెల్లని పొడిని శుభ్రపరచును. యజమానులు మేడ దిగి వచ్చునప్పటికి బండ్లు సిద్ధముగ నుండును. ఆతడు మాత్రము అచ్చట నుండడు. మరొక వీధికి, మరొక పనికి పోయియుండును.

ఈ యువకుడెవ్వడు? షెడ్డులో మేస్త్రి కాడు. కంపెనీవారి సర్వీసు కేంద్రమున నుద్యోగి కాడు. ఐ.టి.ఐ.లో చదివిన పత్రము లేదు. దుకాణము లేదు, బోర్డు లేదు. అందరును వానిని ‘హెల్పరు’ అందురు. పెక్కుమందికి వాని పేరైనను తెలియదు. కోటి విద్యలు కూటికొరకే యని పెద్దలు చెప్పిరి. ఆ కోటిలో నిది యొకటి. ఈ విద్యను నమ్ముకొనినవాని బ్రతుకెట్టిది, ఆతనిచే పని చేయించుకొను మన ధర్మమెట్టిది యను విషయమును విచారించుట మిగుల నవసరము.

ఈ పనికి వచ్చువారిలో ముఖ్యముగ మూడు తెగలవారు గలరు. చిన్ననాడే షెడ్డులో చేరి, మేస్త్రి చేతికి పానా లందించుచు పని నేర్చి, జీతము చాలక బయటికి వచ్చినవారు మొదటివారు. కారు నడుపుటయే వృత్తిగా గలిగి, యజమాని పిలువని దినములలో ఈ చిన్న పనులు చేసికొను డ్రైవర్లు రెండవవారు. నాట్లకును కోతలకును నడుమ పని లేక పల్లె విడిచి వచ్చినవారును, ఉదయమున రెండు గంటలు పని చేసి తరువాత కళాశాలకు పోవు విద్యార్థులును మూడవవారు. వీరందరిని ఈ పని వైపునకు లాగునది యొక్కటే: కాలము తమ చేతిలో నుండుట. పొలమున పని యున్న దినమున బండ్లు తుడువనక్కరలేదు. పరీక్ష యున్న దినమున ముందుగా చెప్పి మానవచ్చును. జీతగానికి లేని స్వేచ్ఛ వీరికి గలదు. కాని జీతగానికి గల నిలుకడ వీరికి లేదు.

ఒక లెక్క వేసి చూతము. ఒక యువకుడు 12 కార్లు ఒప్పుకొని, ఒక్కొక్కదానికి నెలకు 500 రూపాయల చొప్పున తీసికొనెననుకొందము. వచ్చునది 6,000 రూపాయలు. సబ్బునకు, గుడ్డలకు, ప్రయాణమునకు, పనిముట్ల యరుగుదలకు 1,000 రూపాయలు పోయిన యెడల మిగులునది 5,000. ఇది మే మూహించి వేసిన లెక్కయే. ఊరినిబట్టియు, పనినిబట్టియు మారును. ఏ యూర వేసినను తేలునది యొక్కటే: ఈ యాదాయముతోనే సంసారము గడవదు, వేరొక యాదాయమునకు తోడైనచో మాత్రము పిల్లల చదువునకో, ఇంటి యద్దెకో ఆధారమగును. వేసవి సెలవులలో నాలుగు కుటుంబములు ఊరికి పోయి, ఆ నెల సొమ్ము ఎగవేసినచో ఆ యాధారము కూడ తెగును.

ఇక పని సంగతి చూతము. చూచువారికి సులువుగ దోచు నీ పనిలో తెలిసి చేయవలసిన మెలకువలు పెక్కులు గలవు. ఇంజను నూనె మట్టము చూచునపుడు బండి సమతలమున నిలువవలెను. ఇంజను నాపి కొన్ని నిమిషములు ఆగి, కొలత పుల్లను తుడిచి, మరల ముంచి చూడవలెను. టైర్ల గాలి బండి నడువక ముందు, టైరు చల్లగ నున్నపుడే కొలువవలెను. ఎంత యుండవలెనో సాధారణముగ డ్రైవరు తలుపు వద్ద నంటించిన చీటిలో వ్రాసియుండును. ఇంజను వేడిగా నున్నపుడు రేడియేటరు మూత తీయరాదు. తీసినచో మరుగు నీరు ముఖముపై చిమ్మును. బ్యాటరీ విప్పునపుడు నెగటివు కొనను ముందుగా విప్పి, బిగించునపుడు దానిని కడపట బిగింపవలెను. లేనియెడల పానా బండి యినుమునకు తగిలి నిప్పురవ్వలు లేచును. చక్రపు నట్లను వరుసగా గాక, ఎదురెదురుగా నున్నవానిని మార్చి మార్చి బిగింపవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది: జాకీ పైన మాత్రమే నిలిచిన బండి క్రింద ఎన్నడును దూరరాదు. జాకీ బండి నెత్తుటకే గాని మోయుటకు గాదు. క్రింద స్టాండులు పెట్టక, చక్రములకు అడ్డు వేయక దూరినవాని ప్రాణము ఒక్క నిమిషములో పోవచ్చును.

ఈ మెలకువలు వానికి నేర్పిన దెవ్వరు? పుస్తకము గాదు, పాఠశాల గాదు. మేస్త్రి కేక, చేతికి తగిలిన దెబ్బ, కాలిన వ్రేలు. ఇట్లు నేర్చిన విద్య గట్టిదే, కాని అది మేస్త్రి యెరిగినంత మేరకే యుండును. బండ్లు మాత్రము మేస్త్రి నేర్చిన నాటి బండ్లు గావు. 2020 ఏప్రిల్ 1వ తేదీ నుండి దేశమున భారత్ స్టేజి 6 ప్రమాణము నమలులోనికి వచ్చినది. నాటి నుండి అమ్మబడిన డీజిలు కార్లలో పొగమసిని పట్టు వడపోత యుండును. దానికి తగిన నూనెనే పోయవలెను. పాత యలవాటున దొరికిన నూనె పోసినచో ఆ వడపోత త్వరగా పూడిపోవును. కొన్ని డీజిలు బండ్లలో యూరియా ద్రావకమునకు వేరొక తొట్టి యుండును. తెలియక దానిని డీజిలు తొట్టిలో పోసినచో ఇంధన యంత్రాంగ మంతయు చెడును. ఆ నష్టము హెల్పరు పెక్కు నెలలు పని చేసినను తీర్పలేనిది. విద్యుత్ కార్లలో నారింజ రంగు తొడుగు గల తీగెలు ప్రాణాంతకమైన విద్యుత్తును మోయును. వానిని తాకుట యటుంచి, వాని సమీపమున పానా పెట్టుటయు ప్రత్యేక శిక్షణ లేనివానికి తగదు.

కాబట్టి ఈ వృత్తిలో మొదటి నీతి ‘ఇది నా పని గాదు’ అని చెప్పగలుగుట. తుడుచుట, గాలి చూచుట, నూనె మట్టము చూచుట, వైపరు రబ్బర్లు మార్చుట, గాలి వడపోత దులుపుట, పంచరైన చక్రము తీసి స్టెప్నీ బిగించుట ఆతని పనులు. బ్రేకులు, స్టీరింగు, గాలి సంచులు, ఇంధనపు గొట్టములు, విద్యుత్ బండి తీగెలు ఆతని పనులు గావు. యజమాని ‘ఎంత పని, నీవే చూడు’ మని తొందర పెట్టును. పది రూపాయ లెక్కువ యిత్తుననును. ఆ ఘడియలో కాదనుటకు ధైర్యము కావలెను. కాదన్నవానిని మరునాడు పనినుండి తీసివేయకుండుటకు యజమానికి ధర్మబుద్ధి కావలెను.

ఇచ్చట చట్టము మాట చెప్పవలసియున్నది. పత్రము లేదు గనుక ఈ పని నేరమని కొందరు తలతురు. అది సరి గాదు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము బండి నడుపువానికి లైసెన్సు కావలెనని శాసించినది. బండి తుడుచువానికి, నూనె మార్చువానికి లైసెన్సు కావలెనని శాసింపలేదు. దుకాణము తెరచినచో స్థానిక సంస్థల యనుమతులు వేరు. అనగా ఆతని చేతికి లైసెన్సు అక్కరలేదు. స్టీరింగు పట్టినపుడు మాత్రము తప్పక కావలెను. కష్టమంతయు ఈ యొక్క గీత దాటుటతో వచ్చుచున్నది. ‘బండి కడిగి, పెట్రోలు పోయించి తీసికొని ర’మ్మని యజమాని తాళము విసరివేయును. వాడును ఉత్సాహముతో నెక్కును. రహదారిపైకి చక్రము పోయిన క్షణమున ఇద్దరును దోషులగుదురు. లైసెన్సు లేనివానికి బండి నిచ్చుట ఆ చట్టపు 5వ సెక్షను ప్రకారము నిషిద్ధము. 2019లో చేసిన సవరణము వలన 180వ సెక్షను క్రింద యజమానికి మూడు నెలల వరకు ఖైదుగాని, 5,000 రూపాయల జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును. బండి నడిపినది పదునెనిమిదేండ్లు నిండని బాలుడైనచో 199ఏ సెక్షను ప్రకారము యజమానికి మూడేండ్ల వరకు ఖైదును, 25,000 రూపాయల జుల్మానాయును గలవు. ఆ బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దగును. ప్రమాదము జరిగినచో భీమా కంపెనీ బాధితులకు సొమ్ము చెల్లించి, తెలిసియుండియు లైసెన్సు లేనివానికి బండి నిచ్చిన యజమానినుండి దానిని తిరిగి రాబట్టుకొనవచ్చునని సుప్రీముకోర్టు 2004లో తీర్పు చెప్పినది. అరగంట శ్రమ తప్పించుకొనుటకు తాళము విసరిన గృహస్థు ఇంతకు నొడిగట్టుచున్నాడని యెరుగునా?

వయస్సు మాట వచ్చినది గనుక మరొక సంగతి. మన షెడ్డులలో పదేండ్ల పిల్లలు నల్లని చేతులతో పని చేయుచుండగా మన మెన్ని మారులు చూచి ఊరకుండలేదు? 2016లో సవరింపబడిన బాలకార్మిక చట్టము ప్రకారము పదునాలుగేండ్లు నిండనివారిని ఏ పనిలోనైనను పెట్టుకొనుట నేరము. సొంత కుటుంబపు ప్రమాదకరము గాని పనిలో బడివేళలకు వెలుపల సాయము చేయుట వంటి కొన్నిటికి మాత్రమే మినహాయింపు. ‘పని నేర్చుకొనుచున్నాడు’ అను మాట ఈ నేరమునకు కప్పు గారాదు. పని నేర్పుట పుణ్యమే. బడి మాన్పించి నేర్పుట పుణ్యము గాదు.

వాడిన నూనెను గూర్చియు ఒక మాట. ఇంజనునుండి తీసిన నల్లనూనెను మురుగు కాలువలో పోయుటయో, చెట్టు మొదట పోయుటయో, చెదలకు మందని దూలములకు పూయుటయో మన యూళ్ళలో పరిపాటి. 2016వ సంవత్సరపు నియమములు దీనిని ప్రమాదకర వ్యర్థముగ పరిగణించినవి. దానిని పునశ్శుద్ధి చేయుటకు అనుమతి గలవారికే చేర్పవలెను. ఆ కాలువయే పోయి పంట కాలువలో కలియునని భూవసతి గలవారికి వేరుగ చెప్పనక్కరలేదు. డబ్బాలో పోసి, పెద్ద షెడ్డువారికో సర్వీసు కేంద్రమునకో చేర్పించుట హెల్పరు పని. ఆ ప్రయాణపు ఖర్చు నిచ్చుట యజమాని పని.

చేతిపనిని మనము చిన్నచూపు చూచుట యీనాటిది గాదు. ఆ చూపును మార్పవలెనని మన పెద్దలు పాటుపడుటయు ఈనాటిది గాదు. 1910లో బందరున కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగార్లు ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పినపుడు శాస్త్రములతోపాటు వడ్రంగము, కమ్మరము వంటి చేతిపనులకును చోటు కల్పించిరి. చదివినవాని చేయి పనిముట్టు నెరుగవలెను, పనిముట్టు పట్టినవాని కన్ను అక్షరము నెరుగవలెను అనునది దాని యాశయము. కోయంబత్తూరి ప్రాంతపు తెలుగు కుటుంబమున 1893లో జన్మించిన జి.డి. నాయుడుగారికి పాఠశాల చదువు వంటబట్టలేదు. హోటలులో పని చేసి కూడబెట్టిన సొమ్ముతో ఒక మోటారు సైకిలు కొని, దానిని ముక్కలు ముక్కలుగ విప్పి, మరల బిగించి యంత్రవిద్య నేర్చిరి. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచి, పళని మధ్య రవాణా నారంభించి, కడకు దేశమెరిగిన యంత్ర నిర్మాత యైరి. ఆయన చేతను మొదట ఏ పత్రమును లేదు. విజయవాడలో 1966లో వెలసిన ఆటోనగరు సంగతి మన కందరకు తెలిసినదే. అచ్చట లారీలకు ప్రాణము పోయుచున్న చేతులలో పెక్కులు షెడ్డున నేర్చినవే గాని కళాశాలలో నేర్చినవి గావు.

పత్రము లేకున్నను పైకి వచ్చినవారు గలరు గదా, ఇక పత్ర మెందుకని యడుగవచ్చును. నాయుడుగారి వంటివాడు లక్షకొక్కడు. తక్కిన తొంబదితొమ్మిది వేల తొమ్మిదివందల తొంబదితొమ్మండుగురికి పత్రము లేకుండుట యనగా ఏమో, సేద్యము తెలిసిన మన పాఠకులు తేలికగ గ్రహింపగలరు. కాగితము లేని కౌలుదారు ఎన్నేండ్లు దున్నినను బ్యాంకు వానికి ఋణమీయదు. తుపాను వచ్చి పంట పోయినపుడు పరిహారము వాని యింటికి రాదు. హెల్పరు గతియు నట్టిదే. పదేండ్లు పని చేసినను క్రొత్త యూరికి పోయినచో మరల మొదటి మెట్టుననే నిలువవలెను. బండి వేరొక కారణమున చెడినను ‘నిన్న వీడే ముట్టుకొన్నాడు’ అను మాట వానిపైననే పడును. కాదని చెప్పుటకు వానియొద్ద ఒక ముక్క కాగితము లేదు.

ప్రభుత్వము ఏమియు చేయలేదని మేము చెప్పము. ఐ.టి.ఐ.లలో మోటారు మెకానికు విద్య రెండేండ్లు బోధింపబడుచున్నది. 1961వ సంవత్సరపు అప్రెంటిసు చట్టము పని నేర్చుకొనువానికి భృతి నీయవలెనని శాసించినది. 2015లో ఆరంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, బడికి పోక పని నేర్చినవానిని పరీక్షించి, ఉన్న నేర్పునకే పత్రమిచ్చు నేర్పాటు చేర్పబడినది. ఈ యేర్పాటు హెల్పరు కొరకే పుట్టినట్లున్నది. కాని వాని చెవి వరకు ఆ మాట చేర్చువారు వలయును గదా! 2023లో ప్రకటింపబడిన విశ్వకర్మ యోజనలో 18 వృత్తులు పేర్కొనబడినవి. కమ్మరి కలడు, తాళములు చేయువాడు కలడు, వడ్రంగి కలడు. ఆ కమ్మరి కొలిమి చల్లారగా పానా పట్టిన వాని కొడుకు, మోటారు పనివాడు, ఆ పట్టికలో లేడు. తాత నాదరించిన పథకము మనుమని మరచుట న్యాయమా? ఈ వృత్తినిగూడ చేర్పవలెనని మన ప్రతినిధులు శాసనసభలలోను పార్లమెంటులోను అడుగవలెను.

ప్రభుత్వము చేయువరకు వేచియుండనక్కర లేకయే మనము చేయదగినవి కొన్ని గలవు. మొదటిది, పని మొదలుపెట్టక మునుపే కూలి యెంతయో, ఏయే పనులు చేయవలెనో ఒక చిన్న పుస్తకములో వ్రాసి యిరువురును సంతకము చేయుట. చేసిన పనిని తేదీతో అందులో వ్రాసినచో రేపటి నింద నేటి కాగితముతోనే తొలగును. పదేండ్లకు ఆ పుస్తకమే వాని నేర్పునకు సాక్ష్యమగును. రెండవది, ఊరికి పోయినను నెల కూలి నిచ్చుట. మూడవది, కంపెనీ వారంటీ గడువు తీరని బండిలో నూనె మార్పించుట వంటి పనులు వానికి చెప్పకుండుట. తరువాత తగవు వచ్చినచో నష్టపోవునది యిరువురును. నాలుగవది, జాకీతోపాటు రెండు స్టాండులు కొని యుంచుట. వాని వెల కారు వెలలో లెక్కకు రానిది. మనుష్యుని ప్రాణము వానిపై నిలిచియుండును. ఐదవది, 2021లో అసంఘటిత కార్మికుల కొరకు ఏర్పడిన ఇ-శ్రమ్ పట్టికలో వాని పేరు నమోదు చేయించుట. బ్యాంకు ఖాతా గలవానిని ప్రధానమంత్రి సురక్షా భీమాలో చేర్పించుట. దానికి ఏటికి 20 రూపాయలు మాత్రమే చెల్లింపవలెను. ప్రమాదమున ప్రాణము పోయినచో కుటుంబమునకు 2 లక్షల రూపాయలు వచ్చును. ఆ 20 రూపాయలు యజమానియే చెల్లించినచో ఆతని ఐశ్వర్యమునకు తరుగు రాదు.

హెల్పరు సోదరునకును మేము రెండు మాటలు చెప్పుదుము. నీ పని దొంగపని గాదు. తల వంచుకొని చేయవలసినది యంతకన్న గాదు. కాని తెలియనిదానిని తెలియునని చెప్పకుము. లైసెన్సు లేక స్టీరింగు పట్టకుము. పదునెనిమిదేండ్లు నిండగనే లైసెన్సు సంపాదింపుము, దానితో నీ కూలియు హెచ్చును. సంపాదించినదానిలో కొంత తీసి మంచి పానాలు కొనుము. అరిగిన పానా నట్టును చెరుపును, నట్టు చెడినచో పేరు చెడును. పరీక్షకు పోయి, నీ చేతిలోనున్న విద్యకు కాగితము తెచ్చుకొనుము. విద్య నీదే; కాగితము దానికి కంచె వంటిది.

స్వరాజ్యము వచ్చిన 1947 నాటికి మన వీధులలో మోటారు బండి యొక వింత. నేడు మధ్యతరగతి యిండ్ల ముందరకూడ నొకటి నిలిచియున్నది. బండి వచ్చిన వేగముతో, దాని క్రింద దూరి పని చేయువాని గౌరవము రాలేదు. రేపు తెల్లవారుజామున ఆ యువకుడు బక్కెట్టుతో వచ్చునపుడు, మేడ దిగి పోయి, ముందుగ వాని పే రడుగుడు. ఆ పేరును పుస్తకము మొదటి పుటలో వ్రాయుడు. పట్టా యిచ్చుట ప్రభుత్వము పని; పే రెరుగుట మన పని.